రిజిస్టరులో మిగిలిపోయిన మూడు వరుసలు

మొన్న ఒక పార్సిల్ వచ్చింది. ఎవరు పంపారో చూసేలోపే వాసన గుర్తుపట్టాను. మందపాటి గోధుమరంగు కాగితం, జనపనార పురి, జిగురు, రబ్బరు స్టాంపు సిరా. ఈ నాలుగూ కలిస్తే ఒక వాసన వస్తుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ చేతులకు అంటుకుని నాతోపాటు ఇంటిదాకా వచ్చిన వాసన అది. కత్తెర పక్కనే ఉన్నా తీసుకోలేదు, ముడి గోళ్లతోనే విప్పాను. పురి కత్తిరిస్తే మా సార్ ఊరుకునేవారు కాదు. విప్పి, చుట్ట చుట్టి సొరుగులో పెట్టాలి. సాయంత్రం వెళ్లే పార్సిల్‌కి అదే పురి కావాలి కదా.

లోపల పొడుగాటి రిజిస్టరు. అట్ట మూలలు అరిగిపోయి పీచులు లేచాయి. పైన ఒక చీటీ. "మేడం, సెక్షన్‌ని కింది అంతస్తుకి మారుస్తున్నాం. పాత రికార్డులు తీసేస్తున్నారు. ఇందులో పాఠకుల పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి కాబట్టి అనుమతి అడిగి మీకు పంపుతున్నాను." నేను రిటైరైన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయి రాసింది.

ఆ రోజు ఇంకే పనీ చేయలేదు. రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను.

* * *

మాది విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఇంటర్ లైబ్రరీ లోన్ సెక్షన్. పని చెప్పడానికి చిన్నదే. మా దగ్గర లేని పుస్తకం పాఠకుడు అడుగుతాడు. అది ఏ లైబ్రరీలో ఉందో కనిపెట్టాలి. వాళ్లని అడగాలి. వాళ్లు పంపిస్తే పాఠకుడికి ఇచ్చి, గడువులోగా తిరిగి పంపాలి. వ్యాసమైతే ఫొటోకాపీ వస్తుంది, తిరిగి పంపక్కర్లేదు. వాళ్లూ మనల్ని అలాగే అడుగుతారు, మనమూ పంపాలి. అంతే.

నేను చేరేసరికి సెక్షన్‌లో రెండు బల్లలు, ఒక టైపు మిషను, ఒక తూకం, గోడ పొడుగునా గళ్ల అర ఉండేవి. పైవరస గళ్లు "వచ్చినవి", కిందవి "వెళ్లాల్సినవి". మధ్య వరసకి ఏ పేరూ లేదు. జవాబు రానివి, సగం జవాబు వచ్చినవి, ఏం చేయాలో తేలనివి అందులో ఉండేవి. సార్ పొద్దున రాగానే మొదట చూసేది ఆ మధ్య వరసే.

చప్పుళ్లు ఇప్పటికీ వినిపిస్తాయి. తపాలా సంచిని అటెండరు బల్ల మీద బోర్లించినప్పుడు దభీమని పడే పుస్తకాల బరువు. నాలుగు పొరల ఫారం టైపు మిషన్‌లోకి ఎక్కిస్తుంటే కార్బన్ కాగితాల గరగర. అడుగు పొర మీద కూడా అక్షరం పడాలంటే మీటని గట్టిగా కొట్టాలి. సాయంత్రానికి వేళ్ల చివర్లు మంట పుట్టేవి. ఒక పొర మా దగ్గర ఉంటుంది, మిగిలినవి పుస్తకం ఉన్న లైబ్రరీకి వెళతాయి. వాళ్ల జవాబు, పుస్తకం పంపిన వివరం, తిరిగి అందిన రసీదు అన్నీ ఆ పొరల మీదే నడిచేవి. ఎక్కడో తెలియని మనిషి మా ఫారం మీద తన చేతిరాతతో "పంపుతున్నాం" అని రాసి వెనక్కి పంపితే, ఆ ఒక్క మాట కోసం నేను కవరు చింపే తీరే మారిపోయేది.

* * *

పనిలో ఎక్కువ భాగం వెతకడమే. పుస్తకం ఎవరి దగ్గరుందో తెలియకుండా అడగలేం కదా.

రెఫరెన్స్ హాలులో ఒక గోడ నిండా ఆకుపచ్చ అట్టల సంపుటాలు ఉండేవి. అమెరికా, కెనడా లైబ్రరీల్లో ఉన్న, 1956కి ముందు అచ్చయిన పుస్తకాల ఉమ్మడి జాబితా. 1968లో మొదలై 1981 దాకా అచ్చవుతూనే ఉంది. మొత్తం 754 సంపుటాలు. అచ్చువేసిన సంస్థ పేరు మీద అందరం దాన్ని "మ్యాన్సెల్" అనేవాళ్లం. ఒక్కో పేజీ నిండా లైబ్రరీ క్యాటలాగు కార్డుల ఫొటోలు, చీమల బారుల్లాంటి అక్షరాలు. ప్రతి పుస్తకం కింద చిన్న చిన్న గుర్తులు. డి.ఎల్.సి. అంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ఎం.హెచ్. అంటే హార్వర్డ్, ఎన్.ఎన్. అంటే న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ, ఐ.సి.యు. అంటే షికాగో విశ్వవిద్యాలయం. మొదట్లో గుర్తుల పట్టిక పక్కన పెట్టుకుని చూసేదాన్ని. కొన్నాళ్లకి అవి బంధువుల ముద్దుపేర్లలా నోటికి వచ్చేశాయి.

ఇవాళ ఎవరికైనా ఆ 754 సంపుటాల సంగతి చెబితే కంప్యూటర్ లేక పడ్డ కష్టం అనుకుంటారు. నాకు మాత్రం అది కష్టంగా గుర్తులేదు. ఒక పుస్తకం కింద ఒకే ఒక్క గుర్తు కనిపించినప్పుడు, అన్ని వందల లైబ్రరీల్లో ఒక్క చోటే ఇది బతికి ఉందన్నమాట అనిపించి, పేజీ మీద వేలు అలాగే ఉంచేసేదాన్ని.

పత్రికల వెతుకులాట వేరు. అక్కడ అసలు చిక్కు పొట్టి పేర్లు. శాస్త్రవేత్తలు వ్యాసం చివర పత్రిక పేరు పూర్తిగా రాయరు. నేను చేరిన కొత్తలో ఒక విద్యార్థి ఫారం నింపి ఇచ్చాడు. "ఆన్. ఫిజ్., సంపుటి 12, పేజీ 31." నేను జర్మన్ పత్రిక "అన్నాలెన్ డేర్ ఫిజీక్" అనుకుని ఫారం టైపు చేసి, సంతకానికి సార్ ముందు పెట్టాను.

సార్ కలం మూత తీయలేదు. "సంవత్సరం ఏదమ్మా?" అన్నారు.

"అతను రాయలేదు సార్."

"ఈ పొట్టి పేరుతో మూడు పత్రికలున్నాయి. లైప్‌జిగ్‌ది ఒకటి, పారిస్‌ది ఒకటి, న్యూయార్క్‌ది ఒకటి. 1914కి ముందైతే పారిస్‌ది కాదు. 1957కి ముందైతే న్యూయార్క్‌ది కాదు. సంవత్సరం లేకుండా దీన్ని పంపితే, అవతల ఎవరో పొద్దున్నంతా వెతికి మనకి వేరే వ్యాసం పంపుతారు. వాళ్ల పొద్దు పోతుంది, ఈ పిల్లాడికి నెల పోతుంది."

ఆ అబ్బాయిని వెతుక్కుంటూ హాస్టల్ దాకా అటెండరు వెళ్లాడు. అతను ఆ వివరం ఏ వ్యాసం చివర చూశాడో ఆ వ్యాసం తెప్పించుకుని, అందులో సంవత్సరం చూసి, అప్పుడు మళ్లీ టైపు చేశాను. అది న్యూయార్క్‌ది.

ఆ రోజు నుంచి ఫారంలో ఏ ఒక్క గడి ఖాళీగా ఉన్నా నా చేయి ఆగిపోయేది. రసాయన శాస్త్రం వాళ్ల పొట్టి పేర్లకి, ఆ శాస్త్ర వ్యాసాల సారాంశాలు అచ్చువేసే కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ వాళ్ల "కాస్సీ" అనే జాబితా ఉండేది. పొట్టి పేరు, పూర్తి పేరు, ఆ పత్రిక ఏ లైబ్రరీల్లో ఉంది, అన్నీ ఒకే చోట. దాని బైండింగు ఊడిపోతే నేనే కుట్టించాను, రెండుసార్లు.

* * *

తపాలా సంచిలో ఒక రకం కవర్లు చూడగానే అటెండరు "బోస్టన్ వచ్చింది మేడం" అనేవాడు. అమెరికా బోస్టన్ కాదు. ఇంగ్లండులో యార్క్‌షైర్‌లో ఉన్న బోస్టన్ స్పా అనే చిన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆయుధాల ఫ్యాక్టరీ స్థలంలో 1962లో అక్కడ ఒక లైబ్రరీ తెరిచారు. చదువుకోడానికి వచ్చేవాళ్ల కోసం కాదు, అరువిచ్చి పంపడం కోసమే. 1973లో బ్రిటిష్ లైబ్రరీలో భాగమైంది. ప్రపంచం నలుమూలల నుంచీ లైబ్రరీలు దాన్ని అడిగేవి.

దాన్ని నిలబెట్టిన డోనాల్డ్ అర్కార్ట్ గురించి సార్ ఎంతో ఇష్టంగా చెప్పేవారు. ఆయన పత్రికలన్నిటినీ పేర్ల అక్షరక్రమంలో అరల్లో పెట్టించేశారట. క్యాటలాగు లేదు, వర్గీకరణ నంబరు లేదు. ఫారం మీద పేరు చూసి నేరుగా అరకి వెళ్లి తీయడమే. వర్గీకరణ చదువుకుని వచ్చిన నాకు అది విన్నప్పుడు మింగుడుపడలేదు. లైబ్రరీకి క్యాటలాగు లేకపోవడమేమిటి? తర్వాత అర్థమైంది. ఆయన చేసిందల్లా అడిగినవాడికి ఎంత త్వరగా అందుతుందన్న ఒక్క లెక్కే. అప్పటినుంచి మా ఫారంలో పత్రిక పేరు మొదటి అక్షరాన్ని ఇంకా జాగ్రత్తగా టైపు చేసేదాన్ని. అక్కడ అర దగ్గరికి నడిచే మనిషికి ఆ అక్షరమే దారి చూపేది.

* * *

కొన్ని పుస్తకాలు షరతులతో వచ్చేవి. అట్ట మీద ఒక కాగితం పట్టీ చుట్టి ఉండేది, "లైబ్రరీలోనే చదవాలి, ఫొటోకాపీ తీయకూడదు" అని. అలాంటివి ఇంటికి ఇవ్వం. మా బల్లకి ఎదురుగా కిటికీ పక్కన ఒక కుర్చీ ఉండేది, అక్కడే కూర్చుని చదువుకోవాలి.

ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లలో ఒక పరిశోధకుడు గుర్తుండిపోయాడు. ఆయన అడిగిన పుస్తకం కోసం నాలుగు లైబ్రరీలకి రాశాం. మూడు లేదన్నాయి. నాలుగోది షరతు పెట్టి మూడు వారాల గడువుతో పంపింది. దారిలోనే కొన్ని రోజులు పోయాయి. మిగిలిన రోజులన్నీ ఆయన మేము తలుపు తీయకముందే వచ్చి బయట నిలబడేవారు. పుస్తకంలోని పట్టికలన్నీ స్కేలు పెట్టి గీతలు గీసుకుని పెన్సిల్‌తో ఎక్కించుకున్నారు. పెన్ను వాడేవారు కాదు, సిరా చుక్క పడుతుందేమోనని. ఆఖరి రోజు ఇంకో పదహారు పేజీలు మిగిలాయి. గడువు పొడిగించమని సార్ ఫోన్ చేసి అడిగారు. కుదరదన్నారు, వాళ్ల దగ్గర ఇంకొకరు ఎదురుచూస్తున్నారట. ఆ సాయంత్రం సెక్షన్ మూసే వేళ దాటినా సార్ లేవలేదు. నేనూ లేవలేదు. ఆ పరిశోధకుడు ఒక పేజీ చదువుతుంటే నేను అంకెలు రాశాను, మరో వైపు పేజీ సార్ రాశారు. రాత్రి ఆ పుస్తకాన్ని ప్యాక్ చేసి పట్టీ మళ్లీ చుట్టిన తర్వాతే ఇళ్లకి వెళ్లాం.

మైక్రోఫిల్మ్ వస్తే కథ వేరు. చీకటి గదిలో రీడరు పిడి తిప్పుతుంటే కిర్రుమని శబ్దం. తెర మీద పేజీలు పరుగెత్తుతుంటే కళ్లు తిరిగేవి. థీసిస్‌లు ఎక్కువగా అలాగే వచ్చేవి. ఆ గది గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు, ఎవరికీ అక్కడ కూర్చోవాలని ఉండేది కాదు.

* * *

ఇప్పుడు రాసేది రాయడానికి ఇన్నేళ్లూ మనసు ఒప్పలేదు.

ఒక వానాకాలం సాయంత్రం పార్సిళ్లు ఎక్కువయ్యాయి. తపాలా వేళ దగ్గరపడింది. ప్రతి పుస్తకానికీ ముందు ప్లాస్టిక్ కాగితం చుట్టి, ఆపైన అట్టముక్కలు పెట్టి, దాని మీద గోధుమరంగు కాగితం చుట్టడం మా పద్ధతి. ఒక్క పుస్తకానికి నేను ప్లాస్టిక్ చుట్టలేదు. చుట్ట అయిపోయింది, కొత్తది తేవాలంటే స్టోరుకి వెళ్లాలి. ఒక్కదానికి ఏమవుతుందిలే అనుకున్నాను.

రెండు వారాల తర్వాత ఆ లైబ్రరీ నుంచి ఉత్తరం వచ్చింది. పుస్తకం తడిసి చేరింది. వెనక అట్ట ఉబ్బింది, చివరి పేజీలు అంటుకున్నాయి.

అరువు తెచ్చుకున్న పుస్తకం వాళ్ల గడప దాటిన క్షణం నుంచి మళ్లీ వాళ్ల గడప తొక్కేదాకా బాధ్యత తెచ్చుకున్నవాళ్లదే. దారిలో తపాలావాళ్ల చేతిలో ఉన్నప్పుడు కూడా. దేశాల మధ్య అరువుకి లైబ్రరీల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా 1954లో ఒప్పుకున్న నియమాలు మొదలుకుని ఏ నియమావళి చూసినా ఇదే ఉంటుంది. నాకది కంఠతా వచ్చు. ఆ ఉత్తరం పట్టుకుని సార్ ముందు నిలబడ్డప్పుడు మాట రాలేదు. ప్లాస్టిక్ సంగతి చెప్పేశాను.

సార్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "జవాబు నువ్వే రాయమ్మా. జరిగింది జరిగినట్టు రాయి. వాన అని రాయకు" అన్నారు. అలాగే రాశాను. తొందరలో పైపొర వేయలేదని, తప్పు నాదని, కొత్త ప్రతి దొరికితే కొని పంపుతామని, దొరక్కపోతే వాళ్లు ఎంతంటే అంత కడతామని.

ఆ తర్వాత వచ్చిన జవాబు ఇప్పుడు ఈ రిజిస్టరులో ఆ వరుస పక్కనే పిన్నుతో గుచ్చి ఉంది. పిన్ను తుప్పుపట్టి కాగితం మీద మరక చేసింది. పేజీలు విడదీశామని, అక్షరం ఎక్కడా పోలేదని, మళ్లీ బైండింగు చేయించామని, డబ్బు అక్కర్లేదని రాశారు. చివర ఒక వాక్యం, మీకు ఇంకేమైనా కావాలంటే మొహమాటపడకుండా అడగండి అని. సంతకం చేసిన మనిషి ఎవరో నాకు తెలియదు. ఎప్పుడూ కలవలేదు. వారం తిరక్కుండానే ఆయన లైబ్రరీ నుంచి మాకో ఫారం వచ్చింది, మా దగ్గరున్న ఒక పుస్తకం కావాలని. దానికి రెండు పొరల ప్లాస్టిక్ చుట్టాను.

ఒక ఊళ్లోని లైబ్రరీ ఇంకో ఊళ్లోని పాఠకుడికి పుస్తకం ఎందుకు పంపాలి? పోతే పోయేది తన పుస్తకం, చదివేది తన మనిషి కాదు. 1876లో అమెరికాలోని వూస్టర్ అనే ఊరి లైబ్రేరియన్ శామ్యూల్ గ్రీన్ అమెరికా లైబ్రరీ పత్రికకి ఉత్తరం రాస్తూ, లైబ్రరీలు ఒకదానికొకటి పుస్తకాలు అరువివ్వాలని ప్రతిపాదించారు. ఆ సంగతి పరీక్ష కోసం చదివినప్పుడు అది నాకు ఒక మార్కు ప్రశ్న. తడిసిన పుస్తకం తర్వాత అలా అనిపించలేదు.

* * *

కంప్యూటర్ వచ్చాక మార్పు ఒక్కసారిగా రాలేదు. ఒహాయోలో కాలేజీ లైబ్రరీలు కలిసి 1967లో పెట్టుకున్న ఓ.సి.ఎల్.సి. గురించి సార్ ముందునుంచీ చదువుతూ ఉండేవారు. ఒక పుస్తకాన్ని ఒక లైబ్రరీ క్యాటలాగు చేస్తే మిగతావి దాన్నే వాడుకోవడం 1971లో అక్కడ ఆన్‌లైన్‌లో మొదలైంది. 1979లో దానికి అరువు అభ్యర్థనలు కూడా కలిపారు. అడిగేవాళ్లు అయిదు లైబ్రరీల పేర్లు వరసగా ఇస్తే, మొదటిది కాదంటే అభ్యర్థన దానంతటదే రెండోదానికి వెళ్లిపోతుంది. మేము ఉత్తరం మీద ఉత్తరం రాసి నెలలు గడిపే పని అది. ఆ సదుపాయం మా సెక్షన్‌కి చాలా ఆలస్యంగా వచ్చింది. మొదటి అభ్యర్థన పంపిన రోజు సార్ నా కుర్చీ వెనక నిలబడి తెర వైపే చూస్తూ, "మ్యాన్సెల్ ఇక విశ్రాంతి తీసుకోవచ్చు" అన్నారు. ఆయన గొంతులో బాధ లేదు. పాఠకుడికి త్వరగా అందుతుందంటే ఆయనకి ఇంకేం అక్కర్లేదు.

పరాయి దేశాలకి డబ్బు కట్టడం మాకు పెద్ద తలనొప్పిగా ఉండేది. ఒక్క వ్యాసానికి బ్యాంకు ఖర్చే వ్యాసం ఖర్చుని మించేది. 1995లో ఇఫ్లా ప్లాస్టిక్ వోచర్లు తెచ్చింది. పుస్తకం పంపితే మాకో వోచర్ వచ్చేది, మేము అడిగినప్పుడు అదే వోచర్ ఇచ్చేసేవాళ్లం. ఒకే కార్డు ఎన్ని దేశాలు తిరిగి మా సొరుగులోకి వచ్చేదో. మూలల్లో గీతలు పడ్డ వోచర్ అంటే నాకు ఇష్టం, వెంటనే ఖర్చు పెట్టేదాన్ని కాదు.

తర్వాత స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పంపే "ఏరియల్" వచ్చింది. అడిగిన మర్నాడే వ్యాసం ప్రింటరులోంచి బయటికి వస్తుంటే అటెండరు కాగితాలు పట్టుకుని పరుగున వచ్చేవాడు.

కానీ ఒకటి చెప్పాలి. పత్రికలు ఎలక్ట్రానిక్ అయ్యాక మేము వాటిని కొనడం మానేసి లైసెన్సుకి తీసుకోవడం మొదలుపెట్టాం. కొన్ని ఒప్పందాల్లో వేరే లైబ్రరీకి పంపడమే నిషిద్ధం. కొన్నిటిలో పంపొచ్చు, కానీ ముందు కాగితం మీద ప్రింట్ తీసి, ఆ కాగితాన్ని మళ్లీ స్కాన్ చేసి పంపాలి. తెర మీద శుభ్రంగా ఉన్న వ్యాసాన్ని ప్రింట్ తీసి, స్కాన్ చేసి, ఆ కాగితం చించేస్తున్నప్పుడు నాకు చాలా కోపం వచ్చేది. ఇప్పుడూ వస్తుంది. అరలో ఉన్న బౌండ్ వాల్యూమ్‌ని ఎవరికి చూపించాలో మమ్మల్ని ఎవరూ శాసించలేదు. డబ్బు కట్టి తెచ్చుకున్నదాన్ని పక్క లైబ్రరీకి చూపించడానికి అనుమతి కాగితాలు వెతుక్కోవడం నా బుద్ధికి ఇప్పటికీ సరిగ్గా అనిపించదు.

* * *

1997 జూలైలో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం లైబ్రరీ నేలమాళిగలోకి వరద నీళ్లొచ్చాయి. దాదాపు అయిదు లక్షల సంపుటాలు తడిశాయి, అందులో బైండు చేసిన పత్రికలు ఎన్నో. ఆ వార్త చదివి సార్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా ఇద్దరికీ ఒక్క పుస్తకం వెనక అట్ట ఉబ్బితే ఎలా ఉంటుందో తెలుసు. ఆ లైబ్రరీ పాఠకులకి వ్యాసాలు వేరే లైబ్రరీల నుంచే రావాల్సి వచ్చింది. ఆ అవసరంలోంచే వాళ్లు ర్యాపిడ్ అనే పద్ధతి తయారుచేసుకున్నారు, తర్వాత ఎన్నో లైబ్రరీలు అందులో చేరాయి. నా చివరి ఏళ్లలో మేము గంటల్లో వ్యాసం తెప్పించగలిగామంటే ఇలాంటివాటి వల్లే.

2020లో లైబ్రరీలన్నీ మూతపడ్డప్పుడు నేను ఉద్యోగంలో లేను. ఆ అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. పుస్తకాలు అరల్లోనే తాళాల వెనక ఉండిపోయాయి, ఇఫ్లా అరువు విభాగం వాళ్లు ఒక ఏర్పాటు చేశారు, ఎవరి దగ్గర ఏది ఆన్‌లైన్‌లో అందుబాటులో ఉంటే అది ఏ దేశం వాళ్లడిగినా ఉచితంగా పంపుతున్నారు అని. "అవతల ఎవరో కూడా తెలియదు మేడం, రాత్రి అడిగితే పొద్దున్నకల్లా ఉంటోంది" అంది. ఆ అమ్మాయి గొంతులో ఆ సంతోషం విని, ఈ సెక్షన్ సరైన చేతుల్లోనే ఉందని ఆ రోజు నిశ్చింతగా నిద్రపోయాను.

* * *

సార్ పోయి కొన్నేళ్లయింది. ఈ రిజిస్టరులో మొదటి సగం ఆయన చేతిరాత, నిలువు గీతల్లా నిటారుగా ఉండే అక్షరాలు. చివరి గడి "స్థితి". అందింది, తిరిగి పంపాం, లేదన్నారు, ఈ మూడే కనిపిస్తాయి. పేజీలన్నీ తిప్పాక మూడు వరుసల్లో మాత్రం ఆ గడిలో ఇంకో మాట ఉంది. "వెతకాలి." మూడూ ఆయన రాసినవే. ఒకటి ఒక సదస్సు ప్రసంగాల సంపుటం, ఒకటి థీసిస్, ఒకటి ఒక చిన్న పరిశోధక సంఘం పత్రికలో వ్యాసం. అడిగినవాళ్లు ఎవరో నంబర్లు చూసి చెప్పలేను. ఇప్పుడు ఎవరికీ అవసరం ఉండకపోవచ్చు.

అయినా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సదస్సు సంపుటం ఓ.సి.ఎల్.సి. వాళ్ల ఆన్‌లైన్ ఉమ్మడి జాబితా వరల్డ్‌క్యాట్‌లో కనిపించింది, చాలా లైబ్రరీల్లో ఉంది. థీసిస్‌ని ఆ విశ్వవిద్యాలయమే స్కాన్ చేసి అందరికీ తెరిచి పెట్టింది. పెన్సిల్ తీసుకుని ఆ రెండు గడుల్లో "దొరికింది" అని రాశాను.

మూడోది దొరకలేదు. పత్రిక పేరు పొట్టిగా ఉంది, సంవత్సరం గడి ఖాళీ. సార్ ఖాళీ వదిలారంటే పాఠకుడిని అడిగినా తెలియలేదన్నమాట. పూర్తి పేరు ఏమై ఉంటుందో నాలుగు రకాలుగా రాసుకున్నాను. ఆ కాగితం ఫొటో తీసి అమ్మాయికి పంపాను. అయిదు నిమిషాల్లో జవాబు వచ్చింది. "రెండోది కావచ్చు మేడం. రేపు ఇద్దరు ముగ్గురిని అడుగుతాను."